గాజుపోగులోంచి మెదడు చూపు

హైదరాబాద్ శివారు రావల్కోల్‌లో పట్టాలందుకుంటున్న జీవశాస్త్ర విద్యార్థులకు శామీర్‌పేట వైపున్న జీనోమ్ వ్యాలీ పరిశోధనా సముదాయం కొత్త కాదు. భారత వైద్య పరిశోధనా మండలి ప్రయోగ జంతువుల కోసం నెలకొల్పిన జాతీయ కేంద్రం కూడా అక్కడే ఉన్నందున, మెలకువగా తిరుగుతున్న జంతువు మెదడును చదవడమెలా అన్న ప్రశ్న ఈ పట్టభద్రులకు దూరదేశపు ముచ్చట కాబోదు.

ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాలలో ఫైబర్ ఫోటోమెట్రీ ఒకటి. నాడీకణం ఉత్తేజితమైనప్పుడు దానిలోకి కాల్షియం అయాన్లు చొరబడతాయి. కాల్షియం సోకగానే మరింతగా వెలిగే జీక్యాంప్ అనే ప్రోటీన్‌ను 2001లో జపాన్‌లో జునిచి నకాయ్ బృందం రూపొందించింది. ఒసాము షిమోమురా 1962లో జెల్లీచేపలో ఉన్నట్టు వెల్లడించిన ఆకుపచ్చ ప్రోటీనే దానికి మూలం. హాని చేయకుండా మార్చిన వైరస్ ద్వారా జీక్యాంప్ జన్యువును చిట్టెలుక మెదడులో ఎంచుకున్న కణాలకు చేర్చి, ఎలుకకు మత్తుమందిచ్చి సుమారు 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల మందమున్న గాజుపోగును అక్కడికి దించుతారు. పోగులోంచి 470 నానోమీటర్ల నీలికాంతి లోపలికి వెళ్తుంది, కణాల ఆకుపచ్చ వెలుగు అదే దారిన వెనక్కి వస్తుంది. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో కార్ల్ డైసెరోత్ బృందం, ఒక ఎలుక సాటి ఎలుకతో మెలిగే వేళ డోపమైన్ కణాల స్పందనను ఈ పద్ధతిలోనే నమోదు చేసింది.

అయితే పోగు వినిపించేది ఒక్కొక్క కణం మాట కాదు. జాతర హోరు దూరం నుంచి విన్నవారికి సందడి ఎంతో తెలుస్తుంది గాని ఎవరేమన్నారో తెలియదు. పైగా ఎలుక తల విదిలించినా, ప్రోటీన్ వెలిసిపోయినా ఆ వెలుగు కొలతల గీత ఊగుతుంది. అందుకే కాల్షియంతో దాదాపు సంబంధం లేకుండా జీక్యాంప్ వెలిగే 405 నానోమీటర్ల కాంతితో రెండవ గీతను తీసి, రెండింటిలోనూ కనిపించే ఊగిసలాటను మెదడు పనిగా లెక్కించరు. ఈ రెండవ గీత ప్రస్తావనైనా లేకుండా మొదటిదాన్నే అచ్చువేసిన వ్యాసాన్ని అనుమానంతో చదవడమే మేలు.

ఒకే జంతువు నుంచి వారాల తరబడి కొలతలు తీయగలగడం వల్ల బలయ్యే జంతువుల సంఖ్య తగ్గుతుందన్నది ఈ పద్ధతికి నిజమైన ఘనత. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ వ్యవస్థ కూడా ప్రయోగానికి ముందే ఆ సంఖ్యకు కారణం అడుగుతుంది. కానీ పోగు దిగిన దారిలోని కణజాలం దెబ్బతినక మానదు. చివరికి మెదడును పలుచని పొరలుగా కోసి పోగు కొన ఎక్కడ ఆగిందో సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆ కొన అనుకున్న చోటు తప్పి ఉంటే, ముందే రాసుకున్న నియమం ప్రకారం ఆ ఎలుక కొలతలన్నీ లెక్కలోంచి తొలగిపోతాయి.