ఏ కరెంటు మంచిది? నిపుణులు ఒక్క మాట మీద ఎందుకు ఉండరు?

"బొగ్గు, సోలార్, అణువిద్యుత్తు... వీటిలో ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పండి" అని చాలామంది అడుగుతుంటారు. ఒక్క ముక్కలో చెప్పలేను. ఎందుకు చెప్పలేనో ఈ పది నిమిషాల్లో చెప్తాను.

ముందు మీ చేతిలో ఉన్న ఫోన్‌తో మొదలుపెడదాం. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ పూర్తిగా ఎక్కడానికి, ఛార్జర్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే, సుమారు 25 వాట్ అవర్లు కావాలి. అంటే ఒక యూనిట్ కరెంటుతో 40 సార్లు ఛార్జ్ చేసుకోవచ్చు. రోజుకోసారి చొప్పున ఏడాదంతా పెట్టినా 9 యూనిట్లే. మండే ఎండాకాలంలో ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్క రాత్రిలో దాదాపు అంత తాగేస్తుంది. ఇది ఛార్జింగ్ లెక్క మాత్రమే, టవర్లు, సర్వర్లు వాడే కరెంటు వేరే. కాబట్టి ఛార్జర్ స్విచ్ ఆపడం మంచిదే కానీ, అసలు కథ అక్కడ లేదు. ఆ యూనిట్ ఎక్కడ పుట్టింది అన్నదాంట్లో ఉంది.

మన దేశంలో పుట్టే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది. అందుకే సగటున ఒక యూనిట్‌కి సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది.

నిపుణులు కొలిచే పద్ధతులు చూద్దాం. మొదటిది, కార్బన్. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదికలో ఒక పట్టిక ఉంది. గనిలో తవ్వడం, ప్లాంట్ కట్టడం, నడపడం అన్నీ కలిపి ఒక యూనిట్‌కి ఎంత అని లెక్కగట్టారు. మధ్యస్థ విలువలు ఇవి: బొగ్గు 820 గ్రాములు, గ్యాస్ 490, పెద్ద సోలార్ ప్లాంట్లు 48, జలవిద్యుత్తు 24, అణువిద్యుత్తు 12, నేల మీది గాలిమరలు 11. "సోలార్ ప్యానెల్ తయారీకి కూడా పొగ వస్తుంది కదా" అని వాదించేవాళ్లుంటారు. వస్తుంది. అది కలుపుకున్నా 48కి, 820కి ఎంత దూరమో చూడండి.

రెండోది, ప్రాణాలు. అవర్ వరల్డ్ ఇన్ డేటా అనే సంస్థ వంద కోట్ల యూనిట్ల కరెంటుకి ప్రమాదాల్లో, కాలుష్యంతో ఎంతమంది పోతున్నారో లెక్క వేసింది. బొగ్గుకి సుమారు 25 మంది. జలవిద్యుత్తుకి ఒకరి కంటే కాస్త ఎక్కువ, అది కూడా ఎక్కువగా 1975లో చైనాలో బాన్‌చియావ్ డ్యామ్ తెగడం వల్ల. గాలి, సోలార్, అణువిద్యుత్తు మూడూ 0.1 కంటే తక్కువే. చెర్నోబిల్, ఫుకుషిమా కలుపుకున్నా అంతే. అణు ప్రమాదం ఒక్కసారిగా టీవీలో కనబడుతుంది. బొగ్గు పొగ రోజూ ఊపిరితిత్తుల్లోకి పోతున్నా వార్త కాదు.

సరే, బొగ్గు చెడ్డదని తేలిపోయింది కదా, ఇంక గొడవేముంది? బొగ్గు బదులు ఏది అన్న దగ్గరే అసలు గొడవ.

నాసాలో పనిచేసిన వాతావరణ శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్, మరో ముగ్గురితో కలిసి 2013లో ఒక బహిరంగ లేఖ రాశారు. అణువిద్యుత్తు లేకుండా వాతావరణాన్ని కాపాడుకోలేం అని దాని సారాంశం. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ జేకబ్‌సన్ అక్కర్లేదంటారు. గాలి, నీరు, ఎండతోనే అమెరికా మొత్తాన్ని నడపొచ్చని 2015లో పరిశోధన పత్రం రాశారు. 2017లో 21 మంది పరిశోధకులు ఆ లెక్కల్లో లోపాలున్నాయని అదే పత్రికలో జవాబిచ్చారు. వీళ్లెవరూ బొగ్గు కంపెనీల మనుషులు కాదు. అందరికీ కావాల్సింది తక్కువ కార్బనే. ఎంత త్వరగా, ఎంత ఖర్చుతో అన్న చోటే తేడా.

ఇది మనకి దూరం విషయం కాదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు అణు రియాక్టర్లు పెట్టాలని ప్రతిపాదన ఉంది. రకం ఏపీ1000. అవే రియాక్టర్లు రెండు అమెరికాలో వోగ్టల్ దగ్గర కట్టారు. 2013లో కాంక్రీట్ పోయడం మొదలుపెడితే ఒకటి 2023లో, ఇంకోటి 2024లో పూర్తయ్యాయి. ఖర్చు అనుకున్నదానికి రెండింతలు దాటింది. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఈ.ఏ.ఎస్. శర్మ కొవ్వాడను వ్యతిరేకించేవాళ్లలో ఒకరు. విద్యుత్ శాఖనే నడిపిన మనిషి వద్దంటున్నారంటే ఆ వాదన ఏమిటో వినాలి. హాన్సెన్ వాదన కూడా వినాలి.

ఇప్పుడు మూడోది, ఆ రెండు పట్టికల్లోనూ కనబడనిది. భారం ఎవరి ఊరి మీద పడుతోంది?

రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు. ఆ కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది, బూడిద మాత్రం అక్కడే ఉంటుంది. మన బొగ్గులో బూడిద ఎక్కువ, వంద కిలోలు కాలిస్తే 30 నుంచి 40 కిలోలు మిగులుతుంది. సల్ఫర్ పొగ తగ్గించాలని కేంద్రం 2015లోనే నిబంధనలు పెట్టింది. గడువు మాత్రం పొడిగిస్తూనే వచ్చింది.

జలవిద్యుత్తు శుభ్రమే. కానీ శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి, సుమారు లక్ష మంది కట్టుబట్టలతో కదిలారు. ఒక యూనిట్‌కి 24 గ్రాములు అనే లెక్కలో వాళ్లు లేరు.

సోలార్? కర్నూలు సోలార్ పార్క్ 1,000 మెగావాట్లు, దాదాపు 6,000 ఎకరాలు. ఇలాంటి పార్కులకి చూపించే భూమిని కాగితం మీద బీడు అంటారు. గొర్రెలు కాసుకునేవాళ్లని అడగండి, అది బీడో మేతో చెప్తారు. అదే సోలార్‌ని రామగుండంలో నీళ్ల మీద పెట్టారు. 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలే ప్లాంట్ అది. పొలం పోలేదు, నీళ్లు ఆవిరైపోవడం కూడా తగ్గింది. ఇంటి కప్పు మీద పెట్టుకుంటే అసలు భూమే అక్కర్లేదు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది.

అయితే సాయంత్రం ఆరు తర్వాత? మనం ఇంటికొచ్చి ఏసీలు, టీవీలు వేసే టైంకి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. అందుకే పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందకి వదిలి కరెంటు తీసే పద్ధతి ఉంది. శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్‌లో అలాంటి యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఇందుకోసమే. సోలార్ చౌక అని చెప్పేవాళ్లని, ఈ నిల్వ ఖర్చు కలిపే చెప్తున్నారా అని అడగండి.

నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోవాలని లేదు. బొగ్గు తగ్గాలి, అందులో నాకు అనుమానం లేదు. ముందు కప్పులు, జలాశయాలు నింపుదాం, ఆ తర్వాతే పొలాలు, మేత భూములు. సింగరేణి మీద బతికే ఇళ్లకి వేరే దారి చూపించకుండా గనులు మూసేస్తాం అంటే అది పర్యావరణం కాదు, అన్యాయం.

చివరిగా మీకు పనికొచ్చే మాట. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం థర్మల్, అణు ప్రాజెక్టుల్లాంటి పెద్దవాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో కూడా దొరకాలి, అది మీ హక్కు. సభకి వెళ్లలేకపోతే రాసి పంపొచ్చు. సోలార్ ప్లాంట్లకి ఈ అనుమతే అవసరం లేదు, కాబట్టి ఆ సభ కూడా ఉండదు. అక్కడ గ్రామసభలో మీరే అడగాలి.

అడగాల్సినవి నాలుగే. నీళ్లు ఎక్కడివి? భూమి ఎవరిది? వ్యర్థం ఎక్కడికి పోతుంది? పనులు ఎవరికి దొరుకుతాయి? అమ్మానాన్నలకి ఆ సారాంశం చదివి వినిపించే పని మీది. ఫోన్ చేతిలోనే ఉంది కదా, ప్రకటన వచ్చిన రోజే ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

మీ ఊరి దగ్గర ఏ ప్లాంట్ ఉందో, అది వచ్చాక ఏం మారిందో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.