సరిహద్దు సంబంధం, విడాకుల దావా

పూండి, తిరుత్తణి పక్క తెలుగు ఇళ్లకు సరిహద్దు అవతల ఆంధ్రలోని నగరి, పుత్తూరు వైపు వియ్యాలు మామూలే. ఆ కాపురం చెడితే దావా ఎక్కడ వేయాలి? పెళ్లి నగరిలో జరిగిందని ఆడపిల్ల అక్కడికే తిరగనక్కర్లేదు. హిందూ వివాహ చట్టానికి 2003లో వచ్చిన సవరణతో, భార్య తానుంటున్న చోటే పిటిషన్ వేయొచ్చు. పూండిలో పుట్టింట ఉంటే తిరువళ్లూరు జిల్లాలోనే అన్నమాట.

మరి కారణాలేమిటి? క్రూరత్వం అంటే కొట్టడమే కాదు, మనసును నలిపేయడం కూడా. రెండేళ్లుగా వదిలేసి పోవడం, పరాయి సంబంధం, ఏడేళ్లుగా జాడ లేకపోవడం, ఇలా మరికొన్ని. కుష్ఠువ్యాధిని ఈ కారణాల్లోంచి 2019లో తీసేశారు. ఆ పని ఎప్పుడో చేయాల్సింది! పొసగలేదని ఒక్కరే అంటే చాలదు. ఇద్దరూ ఒప్పుకుంటే, ఏడాది విడిగా ఉన్నాక కలిసి అడగొచ్చు. ఆపై ఆరు నెలల గడువును తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

పెద్దమనుషులు రాయించిన విడాకుల కాగితాన్ని మాత్రం నమ్ముకోకండి. అలాంటి కులాచారం ఉందని రుజువైతే తప్ప అది చెల్లదు.

వకీలు ఫీజు భయమా? 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కుంది. 15100కు ఫోన్ చేయండి.