కాయితం ఎవరిది, చేను ఎవరిది?

(నర్సీపట్నం సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



"కాయితం ఎవడిదో భూమి వాడిదే" అంటారు పెద్దరైతులు. మాకు ముందు మా ఇళ్లల్లో సంతకం వచ్చినవాళ్లు లేరు. అందుకే ఆ కాయితం సంగతి విడమర్చి చెబుతున్నాం.

1802లో కుంఫిణీ శాశ్వత శిస్తు పెట్టింది. శిస్తు కట్టకపోతే జమీ వేలం. మన గొలుగొండ జమీ 1837లో బకాయి కింద వేలానికొస్తే సర్కారే కొనుక్కుంది. పోగొట్టుకున్న జమీందారు పేరు రాశారు, కొన్న సర్కారు పేరు రాశారు. దున్నిన పాలేరు పేరెక్కడ రాశారు?

1908లో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. వంద రూపాయలు, ఆపైన విలువున్న భూమి అమ్మితే దస్తావేజు రిజిస్టరు కావాలన్నారు. రిజిస్ట్రారు అడిగేది ఒక్కటే: రాసిచ్చింది నువ్వేనా అని. భూమి నిజంగా ఎవరిది, చేలో ఎవరున్నారు అని విచారించడు. అప్పుకాయితం అనుకుని వేలిముద్ర వేస్తే అది క్రయపత్రమై కూర్చున్న ఇళ్లు మన పేటల్లో లేవా?

ఏజెన్సీలో షావుకార్లు భూములు మింగేస్తుంటే తెల్లదొరలే 1917లో చట్టం చేశారు. ఏజెంటు అనుమతి లేనిదే కొండవాళ్ల భూమి బయటివాళ్లకి చెల్లదన్నారు. దాని స్థానంలో 1959 రెగ్యులేషన్, 1970లో దానికి సవరణ వచ్చాయి. చింతపల్లి, కొయ్యూరుల్లో ఆ రక్షణ ఉంది. ఘాటు దిగి గొలుగొండ, నాతవరం వైపు వస్తే, షెడ్యూల్డు గీత బయటపడ్డ గూడేలకి అది లేదు. గిరిజనుడు ఒకడే, గీత వేరు!

మన డీ పట్టాలు అమ్మితే చెల్లవని 1977 చట్టం. 2023లో దాన్ని సవరించి, ఇరవై ఏళ్లు దాటిన పట్టాదారుకి అమ్ముకునే హక్కిచ్చారు. హక్కు వద్దనం. కానీ పట్టా మన పేర, చేను ఇంకొకడి చేతిలో ఉంటే ఆ హక్కు ఎవరికి పండుతుంది? 2024లో కొత్త ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది.

మరి మనమేం చెయ్యాలి? రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో నంబరు పుస్తకం ఉంటుంది. భూమి దస్తావేజులు ఎక్కేది అందులోనే. 57వ సెక్షన్ ప్రకారం రుసుం కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. పేటకి ఇద్దరు చదువుకున్న పిల్లల్ని పంపండి. సర్వే నంబరు చెప్పి ఈసీ తియ్యండి. అడంగల్ పక్కన పెట్టి చూడండి. చేలో ఎవరున్నారో వాడవాడా తిరిగి రాసుకోండి. చదివి వినిపించనిదే ఏ కాయితం మీదా వేలు పెట్టకండి.

వచ్చే సభకి ఉత్త చేతుల్తో రాకండి, నకళ్లతో రండి.