ఉత్త బీఎస్సీ అనకండి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నన్ను ఇంజనీరుగా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడమన్నారు. క్షమించాలి, ఇవాళ నేను తండ్రిగా మాట్లాడతాను.

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సైన్స్ సార్ ఇంటి నుంచి గంజి తెచ్చి రెండు పరీక్షనాళికల్లో పోశారు. ఒకదానిలో నన్ను ఉమ్మి వేయమన్నారు. క్లాసంతా నవ్వింది. కాసేపయ్యాక రెండింటిలో అయోడిన్ చుక్కలు వేశారు. మొదటిది ముదురు నీలమైంది. నా ఉమ్మి కలిసింది మాత్రం నీలం కాలేదు. "అన్నం అరగడం కడుపులో కాదురా, నోట్లోనే మొదలవుతుంది" అన్నారు సార్. ఆ మాట విని నేను ఇంజనీరింగ్‌కు వెళ్లిపోయాను. ముప్పై ఏళ్లు మళ్లీ గంజి సంగతి గుర్తు రాలేదు.

2017లో మా అమ్మాయికి మెడిసిన్ సీటు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకోమన్నాను. వద్దంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోని ఒక ప్రభుత్వ కళాశాలలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ గ్రూపుతో బీఎస్సీలో చేరింది. మూడేళ్లకు కట్టిన ఫీజు నేను అంతకుముందు కోచింగ్‌కు పోసినదానిలో ఒక మూలకు కూడా రాదు. బహుశా అందుకే నాకు ఆ చదువు చిన్నగా కనిపించింది.

ఆ ఏడాదే బంధువుల పెళ్లిలో మా బావమరిది అడిగాడు, "అమ్మాయి ఏం చదువుతోంది బావా?" అని. "లాంగ్ టర్మ్ తీసుకుంటోంది" అనేశాను. అమ్మాయి నా వెనకాలే నిలబడి ఉంది. తిరుగు ప్రయాణంలో ఒకే మాట అంది: "నాన్నా, నేను ఖాళీగా లేను. చదువుకుంటున్నాను."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హాల్లో ఆమె రికార్డు పుస్తకం కనిపిస్తే తెరిచాను. మొదట్లోనే ఉంది మన గంజి, అయోడిన్! కాకపోతే అక్కడితో ఆగలేదు. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఎంత వేడిలో చురుగ్గా పనిచేస్తుంది, మరిగిస్తే ఎందుకు పనికిరాకుండా పోతుంది, ఆమ్లం పెరిగితే ఏమవుతుంది అని ఒక్కొక్కటీ కొలిచి గ్రాఫు గీసింది. తర్వాతి పేజీల్లో కలరీమీటరుతో గ్లూకోజు కొలత. మా నీటి పరీక్షల ల్యాబులోనూ రంగు తేడా చూసే ఫ్లోరైడ్ లెక్కగడతాం. అదే పద్ధతి, అదే గీత. నా వృత్తికి పక్కింటి చదువును నేను గుర్తుపట్టలేకపోయాను.

ఇంకో పేజీలో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ఉంది. ఆ సుబ్బారావు ఎవరని మర్నాడు అడిగాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని చెప్పింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదట ఆయన. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని మన పిల్లలు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు.

ఆ చదువు సుఖంగా సాగిందని చెప్పను. ఒక్క కలరీమీటరు చుట్టూ పదిమంది వంతులేసుకునేవారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలతో కుస్తీ పట్టేవారు. మా అమ్మాయి సాయంత్రాలు ఇద్దరు స్నేహితురాళ్లకు క్రెబ్స్ వలయాన్ని తెలుగులో చెప్పేది. అలా చెబుతుంటేనే తనకూ అర్థమయిందట. ఆఖరి సెమిస్టరు మధ్యలో కొవిడ్ వచ్చి ల్యాబులు మూతపడ్డాయి. పరీక్షలు నెలల తరబడి వాయిదా పడ్డాయి.

ఆ రోజుల్లో ఊరంతా ఆర్టీపీసీఆర్ మాటే. అదేమిటని అడిగితే వంటింట్లో నిలబడి చెప్పింది. వైరస్ ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మారుస్తారు. దాని రెండు పోగులను 95 డిగ్రీల వేడితో విడదీస్తారు. చల్లార్చి, ఎంజైమ్‌తో ఒక్కోదానికీ కొత్త జత కట్టిస్తారు. చుట్టు చుట్టుకూ రెట్టింపు. నేను లెక్కవేశాను: 30 చుట్లకు ఒకటి కాస్తా 107 కోట్లు దాటుతుంది. లోకమంతా ఎదురుచూస్తున్న ఆ పరీక్షను మా ఇంట్లో అర్థం చేసుకున్నది ఒక్క 'ఉత్త బీఎస్సీ' పిల్లే.

తల్లిదండ్రులకు ఒక నిజం కూడా చెప్పాలి. ఈ డిగ్రీ ఒక్కదానితో మంచి ఉద్యోగం దొరకడం కష్టం. మా అమ్మాయి ప్రవేశపరీక్ష రాసి ఎమ్మెస్సీ చేసింది. ఇప్పుడు ఒక టీకాల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో ఉంది. తొలి జీతం చూసి నేను పెదవి విరిచాను కూడా. ఆమె విరవలేదు.

మన సంఘానికి రెండు విన్నపాలు. ఒకటి, ఈ స్వర్ణోత్సవ నిధిలో కొంత మన బడి సైన్స్ ల్యాబుకు ఇద్దాం. అయోడిన్ సీసా, పరీక్షనాళికలు ప్రతి పిల్లవాడి చేతికీ అందాలి. నా వంతుగా ఒక కలరీమీటరు ఇస్తున్నాను. రెండు, మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఎవరైనా బీఎస్సీలో చేరితే "అయ్యో, సీటు రాలేదా?" అనకండి. "ఏ గ్రూపు తల్లీ?" అని అడగండి.

చివరిగా, ఆ పెళ్లిలో ఆడిన అబద్ధానికి నేను మా అమ్మాయికి ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు. ఇవాళ తను ఇక్కడే మూడో వరుసలో కూర్చుంది. తప్పు నాది తల్లీ, నన్ను మన్నించు.

గంజి తెచ్చిన మా సార్‌కు పాదాభివందనం. సెలవు.