ముందుగాల దవాఖానను తప్పనిసరి చేయుండ్రి
(ప్రసంగ పాఠం)



ఈ పొద్దు మన ముందున్న ప్రశ్న ఒక్కటే. ప్రతి పౌరుడు ఆరోగ్య బీమా తీసుకోవాల్సిందేనని సర్కారు చట్టం చేయవచ్చునా? మోటారు బండికి బీమా లేకుంటే జుర్మానా వేస్తున్నరు గదా, మనిషికి ఎందుకు వేయొద్దని అడిగేవాళ్లున్నరు. పైసలు లేకుంటే బండి కొనకుండ ఊకుంటం. జ్వరం రాకుండ ఊకుంటమా? అయినా ఆ వాదనలో బలం ఎంతున్నదో ముందు చూద్దాం.

బీమా అంటే పదిమంది పైసలు ఒక్క కుండలో వేసి, ఆపద వచ్చినోళ్లకు అందులోంచి ఇచ్చుడు. రోగం వచ్చినంకనే చేరుతమంటే ఆ కుండ నిలవదు. గట్టిగున్నోళ్లు బయట ఉండి, జబ్బున్నోళ్లే చేరితే ప్రీమియం పెరుగుతది. పెరిగినకొద్దీ ఇంకొందరు తప్పుకుంటరు. కాబట్టి అందరూ చేరాలె అనే మాటలో న్యాయం ఉన్నది. జర్మనీలో బిస్మార్క్ 1883లోనే కార్మికులకు జబ్బు బీమాను చట్టంతోటి తప్పనిసరి చేసిండు.

మన దేశంలోనూ తప్పనిసరి బీమా ఉన్నది. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో, ఢిల్లీలో అమలు మొదలైంది. సనత్‌నగర్ ఈఎస్ఐ దవాఖాన అంటే హైదరాబాదు కార్మికులకు ఎరుకే. 2019 జూలై నుంచి లెక్క ఇట్లున్నది: జీతంలో యజమాని వాటా నూటికి 3.25, కార్మికుని వాటా 0.75. అంటే బరువు ఎక్కువ మోసేది యజమాని. తక్కువ జీతగాడు తక్కువే కడతడు. కట్టినందుకు దవాఖాన, మందులు, జబ్బుతో పనికి పోని రోజులకు భత్యం ఉంటయి. మనం ఒప్పుకునే తప్పనిసరి ఇది. కానీ అడ్డా మీది కూలికి, కౌలు రైతుకు యజమాని ఎవరు? వాళ్ల వాటా ఎవరు కట్టాలె? అసలు పంచాయితీ ఇక్కడనే ఉన్నది.

ఈ పంచాయితీ అమెరికాలో బాగ నడిచింది. 2006లో మసాచుసెట్స్ రాష్ట్రం, 2010లో ఒబామా సర్కారు బీమాను తప్పనిసరి చేస్తూ చట్టాలు తెచ్చినయి. 2014 నుంచి దేశమంతటా బీమా లేనోళ్లకు జుర్మానా. కొనుమని బలవంతం చేసే అధికారం సర్కారుకు ఎక్కడిదని కోర్టుకు పోయిండ్రు. 2012 జూన్ 28న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతోటి ఆ జుర్మానాను పన్ను కింద నిలబెట్టింది. 2017లో కొత్త చట్టం తెచ్చి, 2019 నుంచి దాన్ని సున్నా చేసిండ్రు. అయినా బీమా సంత కూలిపోలేదు. 2021లో సబ్సిడీ పెంచినంక చేరేవాళ్లు పెరిగి, 2024లో రెండు కోట్లు దాటిండ్రు. జుర్మానా కంటే సర్కారు ఇచ్చే ఆసరాకే జనం ఎక్కువ కదిలిండ్రు.

మన దగ్గర 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదోళ్ల ప్రీమియం సర్కారే కట్టింది. గుండె ఆపరేషన్ అయి బతికిన కుటుంబాలు ఊరూరా ఉన్నయి, ఆ మేలును తక్కువ చేయొద్దు. కానీ షుగరు గోలీలకు, బీపీ గోలీలకు, విషజ్వరం పరీక్షలకు జేబు ఖాళీ అయితనే ఉన్నది. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలకు పెరిగింది. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు దవాఖానలు ఆ సేవలే ఆపినయి. కార్డు మీద ఎన్ని లక్షలు రాసి ఉంటే ఏం ఫాయిదా? ఉద్యోగులకు ఈ సంగతి వేరే చెప్పాల్నా? నగదు రహిత కార్డు పట్టుకొని కౌంటరు కాడ నిలబడ్డ అనుభవం మనలో చానామందికి ఉన్నది.

పైసలు కట్టలేడని ఏ మనిషికీ వైద్యం అందకుండ పోవద్దని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. 2025 నాటికి సర్కారీ ఆరోగ్య ఖర్చు జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి పెంచుతమని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నరు. 2021-22లో అయిన ఖర్చు 1.84 శాతం. ఆ ఏడు దేశం మొత్తం వైద్య ఖర్చులో నూటికి 39 రూపాయలు జనం జేబులోంచే పోయినయి. సర్కారు తన మాట తప్పితే జుర్మానా లేదు. కూలోడు పాలసీ కొనకుంటే జుర్మానానా?

అందుకే మన మాట ఇది. జీతం ఉన్నోళ్లం జీతాన్ని బట్టి కడతం. యజమాని తన వాటా కట్టాలె. కట్టలేనోళ్ల పైసలు పన్నుల్లోంచి సర్కారు పెట్టాలె. మండల దవాఖానలో డాక్టరు, గోలీలు, పరీక్షలు ఉండాలె. బకాయిలు ఇన్ని రోజుల్లో తీర్చాలెనని గడువు చట్టంలోనే రాయాలె. ఇవన్నీ చేసినంక అందరూ చేరుండ్రి అంటే మనం ముందు వరుసలో నిలబడి చేరుతం. ఇవేవీ లేకుండ ప్రైవేటు కంపెనీ పాలసీ కొనుమని మెడ మీద కత్తి పెడితే, అది కంపెనీల గిరాకీకి చేసిన చట్టమే అయితది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఓట్లకొచ్చే ప్రతి పార్టీని కార్డు ఎన్ని లక్షలని అడుగుతున్నం. మా మండలంలో రాత్రిపూట డాక్టరు ఉంటడా అని కూడా అడుగుదాం. జవాబు రాయించుకుందాం.

సెలవు.