సలహాల పెట్టె – కృత్రిమ మేధ
(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగుల ఆలోచనలకు కృత్రిమ మేధ ఎలా తోడ్పడుతుందో చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ఇది మనవల వ్యవహారం, మనకెందుకని కొందరు అనుకోవచ్చు. పేరు కొత్తదే గాని, సంగతి మన సలహాల పెట్టెదే. టైమాఫీసు పక్కన గోడకు తగిలించి ఉండేది, తాళంకప్పతో సహా. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే ఒక పని.

1880లో స్కాట్లాండులోని డంబార్టన్‌లో విలియం డెన్నీ తన ఓడల కార్ఖానాలో పనివాళ్ళ సలహాలకు బహుమతులిచ్చే పద్ధతి పెట్టాడు. మన దేశంలో టాటా ఉక్కు కంపెనీవారు 1932లో మొదలుపెట్టారు. టొయోటావారు అమెరికాలో ఫోర్డు కార్ఖానా చూసివచ్చి, 1951లో ప్రారంభించి, అందరినీ మించిపోయారు. చిన్న సలహాను చిన్నదని తీసిపారేయకపోవడమే వారి గొప్ప.

నేను ఆరేళ్ళు సలహాల కమిటీలో ఉన్నాను. బాయిలరు హౌసులో ఒక హెల్పరు ఉండేవాడు. ఆవిరి ప్రెషరు చూడాలంటే షిఫ్టుకు ఎనిమిదిసార్లు నిచ్చెనెక్కాలి. గొట్టం పొడిగించి గేజిని కంటి ఎత్తున పెట్టవచ్చని, గొట్టంలో నిలిచే నీటి బరువు మేరకు రీడింగు సరిచేసుకోవచ్చని అతను తెలుగులో రాసి వేశాడు. పది మీటర్ల నీటికి సుమారు ఒక కేజీ ప్రెషరు పెరుగుతుందని అతనికి చదువు చెప్పలేదు, పని చెప్పింది. ఫారం ఇంగ్లీషులో ఉంది. ‘ఏడాదికి ఎంత ఆదా’ అన్న గడి ఖాళీగా ఉందని తిప్పి పంపారు. నేను అభ్యంతరం రాశాను, ఫైలు కదల్లేదు. రెండేళ్ళ తర్వాత అదే మార్పు ఒక ఆఫీసరుగారి పేరున జరిగింది. ఫోటో కూడా వేశారు.

ఇప్పుడు అలాంటివాడు ఫోనులో తెలుగులో మాట్లాడితే చాలు, యంత్రం రాసిపెడుతుంది. ఎన్నిసార్లు ఎక్కుతారు, ఎంతసేపు పడుతుంది అని ఎదురు ప్రశ్నలు వేసి ఆ ఖాళీ గడి నింపడానికి సాయపడుతుంది. పాత ఫైళ్ళు దానికి అప్పగిస్తే ఇదే సలహా ఇదివరకు ఎవరిచ్చారో వెతికి చెబుతుంది. నాకు నచ్చిన ఉపయోగం ఇదే.

సొంతంగా ఆలోచనలు చెప్పడంలోనూ అది తక్కువ తినలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో వార్టన్ అధ్యాపకులు ఒక పరీక్ష పెట్టారు. కాలేజీ పిల్లలకు యాభై డాలర్లలోపు అమ్మదగిన వస్తువులేమిటని విద్యార్థులనూ యంత్రాన్నీ అడిగారు. మేలైన 40 ఆలోచనల్లో 35 యంత్రానివే. అయితే 2024లో మరో పరిశోధన వచ్చింది. యంత్రం సాయంతో రాసిన కథలు విడివిడిగా బాగున్నాయి, కలిపి చూస్తే ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. అందరూ ఒకే యంత్రాన్ని అడిగితే పెట్టె నిండా ఒకే రకం చీటీలు పడతాయన్నమాట. బేరింగు పాడయ్యే ముందు వినబడే చప్పుడు అది విన్నది కాదు. ఆ చప్పుడు విన్నవాళ్ళు ఈ హాల్లో కూర్చున్నారు.

ఇక అసలు విషయం. రిటైరైనవారి అనుభవాలను రికార్డు చేసి, అటువంటి యంత్రానికి అందించి, కొత్తగా చేరిన పిల్లలకు ఆలోచనలు తట్టేలా చేస్తామని, సహకరించమని యాజమాన్యం మనకు ఉత్తరం రాసింది. ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా అని కొందరు మిత్రులు కోపగించుకున్నారు. ఆ కోపం న్యాయమైనదే. అయినా ఇవ్వాలనే నా అభిప్రాయం. మనలో ఎనభై దాటినవాళ్ళున్నారు. ఏటా సంతాప తీర్మానాల పేజీ పెరుగుతోంది. ఆ పనితనం కాగితం మీద ఎక్కడా లేదు.

కాని ఊరికే ఇవ్వకూడదు. ఎవరు చెప్పిన మాట వారి పేరుతోనే ఉండాలి. దాన్ని ఆధారం చేసుకొని పుట్టిన సలహాకు బహుమతి వస్తే అందులో వారికి భాగం ఉండాలి. వారు లేకపోతే ఫ్యామిలీ పెన్షను తీసుకునేవారికి అందాలి. రికార్డింగు తెలుగులోనే జరగాలి, ఒక ప్రతి మన సంఘానికి ఇవ్వాలి. ఇప్పుడు పనిచేస్తున్నవారిని తగ్గించడానికి దీన్ని వాడబోమని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ చివరి షరతుకు వారు తేలిగ్గా ఒప్పుకోరు. అందుకే కార్మిక సంఘాలవారిని కూడా కలుపుకొని వెళ్ళమంటున్నాను.

ఆ బాయిలరు హెల్పరు ఇప్పుడు లేడు. ఆయన భార్య పెన్షను మన సంఘం ద్వారానే సరిచేయించుకున్నారు. మొదట రికార్డు చేయవలసింది ఆ గేజి సంగతి, ఆయన పేరుతో. సాక్షిగా నేను చెబుతాను.

తీర్మానం ముసాయిదా కార్యదర్శిగారి వద్ద ఉంది. మార్పులుంటే భోజనాలకు ముందే చెప్పండి. భోజనాలయ్యాక సగంమంది బస్సుకు బయలుదేరతారు.