అంతర్జాలపు పనిముట్లు – మన తెలుగునకు లాభమెంత?

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



మన ఆదివారపు తెలుగు తరగతిని గూర్చి ఈ మధ్య సభ్యులలో రెండు అభిప్రాయములు బయలుదేరినవి. సెల్‌ఫోనులోనే లిపి మార్పు, అనువాదము, నిఘంటువు, పుస్తకములు అన్నియు ఉచితముగా దొరకుచుండగా, ఉపాధ్యాయునికి గౌరవ వేతనమిచ్చి తరగతి నడపుట యెందులకని కొందరు అడుగుచున్నారు. ఆ యంత్రముల జోలికి పోయినచో ఉన్న తెలుగు కూడ చెడునని మరికొందరు భయపడుచున్నారు. సరుకు చూడకుండ వెల కట్టుట వర్తకుని ధర్మము కాదు. కావున మన యువకులు కొందరితో కూడి ఆ పనిముట్లను ఒక్కొక్కటిగా వాడి చూచితిమి. ఆ ఫలితమును మీ ముందుంచుటకే నేడు నిలిచితిని.

మొదట మన అవసరమేమో చూతము. గనులను నమ్ముకొని చిత్తూరు ప్రాంతము మొదలగు చోట్లనుండి ఇచ్చటికి వచ్చిన పెద్దల సంతతివారము మనలో పలువురము. ములబాగలు, శ్రీనివాసపురము ప్రాంతములలోని తెలుగు కుటుంబములు తరతరములుగా ఆ నేలనే దున్నుకొనుచున్నవి. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన భారత్ గోల్డ్ మైన్సు మూతపడిన పిమ్మట మన బ్రతుకుదెరువు బెంగుళూరునకు మారినది. తెల్లవారకముందే మారికుప్పము బండి యెక్కి, దీపములు పెట్టిన తరువాత ఇల్లు చేరు తండ్రులెందరో కలరు. బిడ్డలు బడిలో కన్నడమో ఆంగ్లమో చదువుచున్నారు. ఇంట తెలుగు మాటాడుదురు గాని తెలుగు చదువలేరు. అవ్వ వ్రాసిన ఉత్తరము మనుమనికి వట్టి గీతలుగా కనబడుచున్నది.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఏ అధికరణము చెప్పుచున్నది. అది 1956 నాటి ఏడవ సవరణచే చేరినది. ఆ హక్కును మనము విడువరాదు. అయినను సర్కారు కదలువరకు బిడ్డ వయస్సు ఆగదు. ఈలోపల మన చేతిలోనున్న పనిముట్టు ఎంతవరకు పనికివచ్చునో తెలిసికొనుట మన విధి.

ఇక పరీక్షకు వత్తము. మొదటిది లిపి మార్పు. కన్నడ లిపికిని తెలుగు లిపికిని మూలమొక్కటే. యూనికోడు ఏర్పాటులో కూడ ఈ రెండు లిపులకు చెరి 128 గడులు ప్రక్కప్రక్కనే యున్నవి. కన్నడ ‘క’ తన వరుసలో ఏ గడిలో నున్నదో తెలుగు ‘క’ కూడ తన వరుసలో అదే గడిలో నున్నది. కావున ఒక లిపినుండి మరియొక లిపికి మార్చుట యంత్రమునకు సులభము. అక్షరముఖ అను ఉచిత సాధనము ఈ పని చేయుచున్నది. తెలుగు పాఠమును దానిలో పెట్టి కన్నడ లిపిలోనికి మార్చి, పై వరుసలో కన్నడ లిపి, క్రింది వరుసలో తెలుగు లిపి ఉండునట్లు కాగితముపై అచ్చు తీయించితిమి. కన్నడము చదివిన పిల్లలు పై వరుస చూచుచు క్రింది వరుసను గుర్తింపసాగిరి. ర, ల, జ, బ, ణ, ట వంటి అక్షరములు ఇంచుమించు ఒక్క తీరుననే యుండుటచే వారికి తొందరగా ధైర్యము కలిగినది. మేము చూచిన వానిలో ఇదియే మేలైన పనిముట్టు.

అయితే దీనికిని హద్దు కలదు. లిపి మారినంత మాత్రమున భాష మారదు. కన్నడ ప్రకటనను తెలుగు లిపిలోనికి మార్చినపుడు ‘అవసర’ అను మాట కనబడును. కన్నడమున దానికి తొందర యని యర్థము. మనకు అవసరమనగా కావలసినది. ‘ఊట’ యన్నచో వారికి భోజనము. మనకు నేలనుండి ఊరు నీరు. మరియు ‘చుక్క’, ‘చాలు’ అను మాటలలోని చకారమును మన యిండ్లలో పలుకు తీరు అచ్చులో కనబడదు. దానిని పెద్దలు పలికి వినిపింపవలసినదే.

రెండవది పాత పుస్తకములు. ఆర్కైవ్ అను అంతర్జాల గ్రంథాలయమున, భారత డిజిటలు గ్రంథాలయమువారు ఛాయలు తీసిన తెలుగు పుస్తకములు వేలకొలది కలవు. మన ఊళ్లలో దొరకని పాత ప్రబంధములు, శతకములు, హరికథలు అచ్చట ఉచితముగా చదువవచ్చును. ఇందులో ఒక విచిత్రమును గమనించితిమి. పాత తెలుగు అచ్చులో వలపలగిలక యుండును. నేటి ఆంధ్ర దేశపు పిల్లలకు అది తెలియదు. కన్నడము చదివిన మన పిల్లలు మాత్రము, తమ లిపిలో అట్టి గురుతు నేటికిని వాడుకలో నుండుటచే, దానిని వెంటనే పోల్చుకొనిరి. కన్నడము నేర్చుట తెలుగునకు అడ్డమను వారికి ఇది మంచి సమాధానము. అయితే ఛాయాచిత్రమునుండి అక్షరములను ఎత్తి వ్రాయు యంత్రములు పాత అచ్చు ముందు తడబడుచున్నవి. ‘ప’కు ‘వ’, ‘ధ’కు ‘థ’ పడుచున్నవి. అట్లు ఎత్తి వ్రాసినదానిని మూలముతో సరిచూడక పంచిపెట్టరాదు.

మూడవది నిఘంటువు. ఆంధ్రభారతి యను స్థలమున శబ్దరత్నాకరము, బ్రౌణ్యము మొదలగు నిఘంటువులను ఒక్కచోట వెదకవచ్చును. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువును కొని బీరువాలో పెట్టుకొనగలవారు మనలో ఎందరు? ఈ సాధనము విషయమున నాకు సందేహమేమియు లేదు. మాట సరిగా వ్రాయుట తెలిసినచో అర్థము సరిగా దొరకును. ఆ వ్రాయుటకే తరగతి కావలెను.

నాలుగవది నోటిమాటను వ్రాతగా మార్చు యంత్రము. పత్రికా భాష చదివి వినిపించిన చాలవరకు సరిగా వ్రాసెను. మన అవ్వలు మాటాడు తెలుగు దానికి కొరుకుడు పడలేదు. ‘యాడికి పోతావు’ అన్న మాటనే వేరు విధముగా వ్రాసెను. నడుమ కన్నడపు మాట వచ్చినచో వాక్యమంతయు తారుమారు చేసెను. అవ్వ తెలుగు తప్పు కాదు. ఆ యంత్రము దానిని వినలేదు. కావున అవ్వల కథలను, పాటలను ముందుగా ధ్వనిగా పట్టి భద్రపరచుకొందము. వ్రాత పని బిడ్డలు ఆమె ప్రక్కన కూర్చుండి తమ చేతితో చేయవలెను. దానివలన కథయు నిలుచును, అక్షరమును పట్టుబడును.

ఐదవది అనువాదము. దీనిని గూర్చియే జాగ్రత్తగా చెప్పవలసి యున్నది. గూగులువారి అనువాదమున తెలుగు, కన్నడములు రెండును 2011లో చేరినవి. 2022లో కేంద్ర ప్రభుత్వమువారు భాషిణి యను ఏర్పాటును ప్రారంభించిరి. కన్నడ ప్రకటన యొక్క సారాంశము తెలిసికొనుటకు, నీటి పన్నునకు గడువెప్పుడో, సభ ఏ దినమో గ్రహించుటకు ఇట్టి యంత్రములు మిక్కిలి ఉపయోగపడును. కాని ఆస్తి పత్రముల విషయము వేరు. పాత భాగపరిష్కార పత్రములో వ్రాయు తీరున ఒక వాక్యమును మేమే కల్పించి, ఒక యంత్రమునకు ఇచ్చి కన్నడమున వ్రాయుమంటిమి. ‘నా పాలు’ అనునది వాటా యని మీకందరకు తెలియును. యంత్రము దానిని త్రాగు పాలుగా భావించి ‘హాలు’ అని వ్రాసెను. ‘గుంట’ యనగా ఎకరములో 40వ వంతు. యంత్రమునకు అది నేలలోని గొయ్యి యయ్యెను. అన్నదమ్ముల నడుమ వ్యాజ్యమున ఇట్టి అనువాదమును నమ్ముకొన్నవాని గతి యేమి?

ఇట్లేల జరుగుచున్నదో కూడ తెలిసికొనవలెను. రెండు భారతీయ భాషల నడుమ పనిచేయు యంత్రములు పలుమారు ఆంగ్లము మీదుగా పోవుచుండెను. ఆంగ్లమున నీవు, మీరు రెండును ఒక్క మాటయే. మామ, చిన్నాన్న, పెద్దనాన్న అందరును అంకులే. వదినయు మరదలును ఒక్కటే. పెండ్లి పిలుపును అట్టి త్రోవన పంపినచో వియ్యంకుని ఏకవచనమున పిలిచినట్లగును. కుప్పము, పలమనేరులలోని బంధువులు మనలను గూర్చి యేమనుకొందురు?

మరియొక హెచ్చరిక. ఉచితమని చెప్పు ప్రతి తావునకు ఇంటి పత్రములు, ఆధార్ కాగితములు, బ్యాంకు లెక్కలు ఎక్కింపకుడు. ఫోనుకు వచ్చిన రహస్య సంఖ్యను ఎవ్వరడిగినను చెప్పకుడు. ఎవరైనను మోసపోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను; ఆలస్యమైనకొలది సొమ్ము చేతికి చిక్కదు.

ఇక తూకము వేసి చెప్పెదను. మన ఊరిలో బంగారమెట్లు తీసిరో మీరెరుగుదురు. టన్ను రాతిని పొడి చేసినచో దొరకునది కొద్ది గ్రాములే. మిగిలినది సయనైడు దిబ్బలై నేటికిని మన కన్నుల యెదుట నున్నది. రాయి ఎక్కువయని గని త్రవ్వుట మానలేదు. రాయినే బంగారమని ఎవ్వరును కొనలేదు. ఈ పనిముట్ల విషయమునను అంతే. లిపి మార్పు, పాత పుస్తకములు, నిఘంటువు – వీనిని నిస్సంకోచముగా వాడవచ్చును. నోటిమాట వ్రాయు యంత్రము ఇంకను పండలేదు. అనువాదమును విషయము తెలిసికొనుటకు వాడవచ్చును. సంతకము పెట్టుటకు వాడరాదు.

తరగతి సంగతికి వత్తును. దానిని మూయరాదని నా దృఢాభిప్రాయము. యంత్రము తప్పు చేసినదని తెలిసికొనుటకైనను తెలుగు వచ్చినవాడొకడు ఉండవలెను గదా. ‘పాలు’ ‘హాలు’ అయినపుడు మేము పట్టుకొంటిమన్నచో, చిన్ననాట మాకు ఎవరో పలకపై దిద్దించుటచేతనే. నేటి బిడ్డకు ఆ దిద్దింపు లేకున్న రేపు తన ఇంటి పత్రములో ఏమున్నదో యంత్రము చెప్పినదే వినవలసి వచ్చును.

కావున సభవారికి నా మనవి మూడు విధములు. ఆదివారపు తరగతి సాగవలెను. అందు రెండు లిపుల పాఠములను వాడవలెను. బండిలో రాకపోకలు చేయు తండ్రులు ఆ పాఠమునే తమ ఫోనులో చదివి, సెలవుదినమున బిడ్డచేత చదివించుకొనవలెను. ఆస్తి పత్రమును అనువదించుకొనువారు రెండు భాషలు తెలిసిన పెద్ద నొకరిచేత సరిచూపించుకొని, పిమ్మటనే న్యాయవాది వద్దకు పోవలెను. అట్టి పెద్దలు మన సంఘమున కలరు, అడిగిన కాదనరు.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయము మీ ఓటునకు రానున్నది. అంతకు ముందు ప్రతి యింటివారును తమ బిడ్డచేత తెలుగున తన పేరును, తాత పేరును వ్రాయించి చూడుడు. వ్రాసినచో సంతోషము. వ్రాయలేనిచో తరగతి అవసరమో కాదో మీకే తెలియును.